సైలెంట్ వ్యాలీలో సింహవాలన్ కోసం

సింహవాలన్ అనే కోతిని చూద్దామని అమ్మా నేనూ కేరళ బయల్దేరాం. శబరి ఎక్స్‌ప్రెస్ దిగి, పాలక్కాడ్ నుంచి మన్నార్‌క్కాడ్ మీదుగా ముక్కాలి చేరేసరికి మధ్యాహ్నమైంది. "ఇవాళ్టికి జీపులు అయిపోయాయి, రేపు పొద్దున్నే రండి" అన్నారు కౌంటర్‌లో. సైలెంట్ వ్యాలీ నేషనల్ పార్కులోకి సొంత బండిని పోనివ్వరు. ముక్కాలిలో పర్మిట్ తీసుకుని, వాళ్ళ జీపులో, గైడుతోనే వెళ్ళాలి. రైలు దిగిన రోజే అడవి చూసేయొచ్చనుకోవడం నా పొరపాటు. మీరు వెళ్తే ముందు రాత్రే ఆ దగ్గర్లో బస చూసుకోండి.

మర్నాడు ఏడింటికల్లా లైన్లో ఉన్నాం. పార్కు లోపల జీపులు ఆగే సైరంధ్రి దాకా 23 కిలోమీటర్లు, దారంతా కుదుపులే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాకు ఆ టెన్షన్. ఆవిడ మాత్రం "సైరంధ్రి అంటే ద్రౌపది కదా" అని విరాటపర్వం కథ ఎత్తుకుంది. వానల కోసం వాళ్ళ ఊళ్ళో ఆ పర్వం చదివించేవారట. కింద పారే నది పేరు కుంతి అని గైడు చెప్పగానే అమ్మ నొప్పుల సంగతే మర్చిపోయింది.

దారిలో ఓ నల్లటి కోతి కనిపించింది. కెమెరా తీసేలోపే గైడు తల అడ్డంగా ఊపాడు. "కరింకురంగు." అంటే నీలగిరి కొండముచ్చు. ఒళ్ళంతా నలుపే గానీ తల మాత్రం గోధుమరంగు. మేం వెతికే సింహవాలన్‌కి నల్లటి ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర సింహానికున్నట్టే కుచ్చు. వాలం అంటే మనకూ తోకే కాబట్టి ఆ పేరు విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

సైరంధ్రిలో అమ్మ కింద కూర్చుంది. 30 మీటర్ల టవర్ నేనొక్కదాన్నే ఎక్కాను. కనుచూపు మేర చెట్ల తలలే, మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు. 1970లలో ఇక్కడే కుంతి నదికి ఆనకట్ట కట్టి కరెంటు తీయాలనుకున్నారు. సైన్సుని జనంలోకి తీసుకెళ్ళే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, కవయిత్రి సుగతకుమారి లాంటివాళ్ళు గట్టిగా పోరాడారు. చివరికి ప్రాజెక్టు ఆగి, 1984లో ఇది నేషనల్ పార్కు అయింది. సింహవాలన్ నేలకి దిగేది చాలా తక్కువ, కొమ్మ మీంచి కొమ్మకే దాని ప్రయాణం. ఈ పచ్చదనం మధ్యలో నీళ్ళు నిలిపి ఉంటే దానికి దారే ఉండేది కాదని ఆ టవర్ మీద నిలబడినప్పుడు అర్థమైంది.

అక్కణ్ణుంచి నది దాకా ఒకటిన్నర కిలోమీటరు నడక. ఎండాకాలం మొదలు కాబట్టి జలగలు లేవు. వానల్లో అయితే ఉప్పు, పొడుగు సాక్సులు తప్పవట. కోతి జాడ మాత్రం లేదు. నిరాశగానే జీపెక్కాను.

తిరుగు దారిలో డ్రైవరు ఉన్నట్టుండి ఇంజను ఆపేశాడు. రోడ్డు పక్క వెడిప్లావు చెట్టు, కొమ్మల నిండా గుత్తులుగా పూలు. గైడు పెదవి మీద వేలుంచి పైకి చూపించాడు. ఓ సింహవాలన్ పూలు ఒక్కొక్కటే తుంచి తింటోంది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక పొట్టకి పిల్లని కరుచుకున్న తల్లి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తినడం అయ్యాక ఒక్కొక్కటీ మా తలల మీదుగా అవతలి చెట్టుకి దూకాయి. ఆఖర్న ఓ చిన్నది కొమ్మ చివరిదాకా వచ్చి ఆగింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. అది దూకి ఆకుల్లో కలిసేదాకా డ్రైవరు తాళం మీద చెయ్యి వెయ్యలేదు.