పెళ్లి ప్రమాణాలు మన మాటల్లో రాసుకోవాలనుకునేవాళ్లకి

చర్చి పెళ్లిలో ప్రమాణాలు సొంతంగా రాసుకోవచ్చా అని మా కజిన్స్ అడుగుతూనే ఉన్నారు, సికింద్రాబాద్ వైపు మావాళ్లలో వరసగా పెళ్లిళ్లున్నాయి, అందుకే రాస్తున్నా.

మాది సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. బలిపీఠం ముందు అయ్యగారు, అంటే పాస్టర్, ఒక్కో ముక్క చెప్తుంటే మనం వెనకాలే చెప్పాలి, కలిమిలో లేమిలో, వ్యాధిలో ఆరోగ్యంలో అని. అవి మార్చరు, మార్చాలని నాకూ లేదు, మా అమ్మానాన్నలు చెప్పుకున్న మాటలే కదా అవి. అందుకని మేం రాసుకున్నవి అయ్యగారికి ముందే చూపించి, రిసెప్షన్‌లో ప్రార్థనకి ముందు చెప్పుకున్నాం.

రాసేటప్పుడు బైబిల్ వాక్యం నుంచే మొదలుపెట్టండి, కానీ వాక్యం దగ్గరే ఆగిపోవద్దు. అందరూ మొదటి కొరింథీ 13 తీసుకుంటారు, ప్రేమ దీర్ఘకాలము సహించును అని, చాలా గొప్ప మాట, కానీ మీ ఇంట్లో ఆ సహనం ఏ టైంకి కావాలో కూడా రాయాలి. నేను తీసుకున్నది ఎఫెసీ 4:26, సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు అని ఉంటుంది. ఆ పత్రిక రాసిన పౌలు అసలు కోపమే రావద్దు అనలేదు చూడండి, అది నాకు ఎంత ధైర్యమో. మా ఆయనకి గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్, పొద్దుగూకే టైంకి క్యాబ్ వచ్చేస్తుంది. సో నేను రాసింది ఇది: "నీ మీద కోపమొస్తే క్యాబ్ వచ్చేలోపు చెప్పేస్తా, మాట్లాడకుండా టిఫిన్ బాక్స్ చేతిలో పెట్టి పంపించను."

ఇంక బైబిల్లోని రూతు. నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు అనే మాట భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకుంటుంటారు, కానీ అక్కడ రూతు చెప్పింది వాళ్లత్త నయోమికి. ఇద్దరికీ భర్తలు పోయారు, నయోమి పుట్టింటికి వెళ్లిపోమ్మా అంటే కూడా రూతు వదల్లేదు. మా మామయ్య లేరు, బొల్లారంలో అత్తమ్మ ఒక్కతే ఉండేది. అందుకే ఆ వాక్యం చదివేటప్పుడు మా ఆయన వైపు కాదు, ముందు వరసలో కూర్చున్న అత్తమ్మ వైపు తిరిగి, "అత్తమ్మా, మీరు మాతోనే ఉంటారు, స్త్రీల మైత్రి కూడికకి బండి మీద నేనే తీసుకెళ్తా" అన్నా (స్త్రీల మైత్రి అంటే మా చర్చిలో ఆడవాళ్ల సంఘం). ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది, పక్కనే మా అమ్మ కూడా.

తర్వాత మా ఆయన కాగితం తీసి, రాసుకున్నది కాసేపు పక్కనపెట్టి, మా అమ్మానాన్నకి అదే మాట చెప్పాడు. అది మేం అనుకున్నది కాదు. మీరు రాసుకునేటప్పుడు మాత్రం రెండు వైపుల పెద్దవాళ్లకీ చెరొక లైన్ ముందే పెట్టుకోండి, నిలబెట్టుకోగలిగిందే రాయండి, అయ్యగారికి కనీసం వారం ముందు చూపించండి.