పొడవు మీసాల డ్రాగన్, అరిగిన రూపాయి

హాంకాంగ్‌లో ఆఫీసు పని శుక్రవారం మధ్యాహ్నానికే తెమిలింది. తిరుగు విమానం మర్నాడు. చిమ్‌షాచుయ్‌లో ఒక హోటల్లో వేలానికి ముందు నాణేలు చూపిస్తున్నారని తెలిసి స్టార్ ఫెర్రీ ఎక్కేశాను. పాస్‌పోర్టు చూపి పేరు రాయిస్తే చాలు, కొనే ముఖమేనా అని ఎవరూ అడగరు.

నేను అడిగింది 1911 నాటి చైనా వెండి నాణెం, ‘పొడవు మీసాల డ్రాగన్’ డాలరు. చలామణీలోకి వచ్చినది కాదు, నమూనా నాణెం. తియాన్జిన్ టంకశాలలో లుయీజీ జోర్జీ అనే ఇటలీ శిల్పి చెక్కిన అచ్చు. చివరికి చలామణీకి ఎంచుకున్నది మీసాలు వంపు తిరిగిన మరో డ్రాగన్ని. అదీ ఎన్నాళ్లు? అక్టోబరులో చింగ్ రాజవంశం మీద వుచాంగ్ తిరుగుబాటు, 1912 ఫిబ్రవరి 12న బాల చక్రవర్తి పూయీ గద్దె దిగడం.

ఆ చివరి ఏళ్లలో ఇన్ని నమూనాలు ఎందుకంటే దర్బారుకు తూకమే తేలలేదు. బజారులో చెల్లుతున్న మెక్సికో డాలరుకు దీటుగా 27 గ్రాముల యువాన్ కావాలని కొందరు, కాదు, తాయెల్ అనే 37 గ్రాముల పాత తూకమే కావాలని కొందరు. 1903లో తాయెల్ నమూనాలు కొట్టారు, 1907లో మళ్లీ కొట్టారు. 1910లో యువానే అన్నారు. పిల్ల ఖాయం కాకుండానే శుభలేఖలు అచ్చేసినట్టు!

చెప్పొద్దూ, డ్రాగన్ని చూసి నిరాశపడ్డాను. అందం సరే, మీసం మీసం విడివిడిగా మెరుస్తోంది. కానీ ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఉంది. చేతికి తగలదు, గోటితో మీటి మోత వినే వీల్లేదు.

ట్రే మూలన చిన్న నాణెం ఒకటి విడిగా కనిపించింది. ఎత్తి చూస్తే సిచువాన్ రూపాయి! టిబెట్ బజారుల్లో మన విక్టోరియా రూపాయి పాతుకుపోతే, దాన్ని తరిమేందుకు చింగ్ అధికారులు 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అదే సైజులో కొట్టించారు. రాణి ఉండే చోట గ్వాంగ్షూ చక్రవర్తి. చైనా నాణెం మీదికి చక్రవర్తి ముఖం ఎక్కింది దీనితోనే. మా నాయనమ్మ తులానికి ‘రూపాయెత్తు’ అనేది. ఇంచుమించు ఆ ఎత్తే అరచేతిలో. చక్రవర్తి చెంప నున్నగా అరిగిపోయింది.

డ్రాగన్ ధర మా ఫ్లాటుకు తగ్గదు. అందుకని రూపాయికే నా పాట కాగితం మీద రాసిచ్చి ఫెర్రీకి పరుగెత్తాను. వారం తర్వాత మెయిల్ వచ్చింది. నాకంటే ఎక్కువకు ఎవరో పాడుకున్నారట.