ఏడు మిల్లీమీటర్ల మచ్చ

గోదావరికి పెద్ద వరద వచ్చిన 2022 జులైలో, రాజమహేంద్రవరంలో, నాకు విడవని జ్వరంతో దగ్గు పట్టుకుంది. కుడి ఊపిరితిత్తి అడుగు భాగంలో న్యుమోనియా అని ఎక్స్‌రేలో తేలింది. నాలుగు రోజులైనా జ్వరం దిగకపోవడంతో సీటీ స్కాన్ తీయించి, యాంటీబయాటిక్ మార్చారు. వారానికి ఇల్లు చేరాను కానీ, మేడమెట్లు ఎక్కితే వచ్చే ఆయాసం తగ్గడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

నన్ను అంతకంటే ఎక్కువగా కుంగదీసింది ఇంటికి వచ్చాక కవరు విప్పి చదువుకున్న రిపోర్టు. న్యుమోనియా గురించి రాసిన పేరా కింద, కుడి ఊపిరితిత్తి పైభాగంలో 7 మిల్లీమీటర్ల నాడ్యూల్ (చిన్న గడ్డలాంటి మచ్చ) ఉందని, మళ్లీ స్కాన్ తీసి చూసుకోవాలని ఒక వాక్యం ఉంది. డిశ్చార్జి చేసేటప్పుడు ఆ వాక్యం సంగతి నాకెవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్లు సిగరెట్లు కాల్చి, ఆరేళ్ల కిందట మానేసినవాణ్ణి కాబట్టి ఆ మాటకు క్యాన్సర్ తప్ప వేరే అర్థం తోచలేదు.

"ముక్క తీసి పరీక్షకు పంపించేద్దామా, డాక్టరు గారూ?" అని ఊపిరితిత్తుల నిపుణుణ్ణి అడిగాను. ఇంత చిన్నదానికి సూది వేస్తే సరైన ముక్క దొరక్కపోవచ్చని, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం కూడా ఉందని ఆయన వివరించారు. మన దేశంలో ఇలాంటి మచ్చలు చాలావరకు ఎప్పుడో వచ్చి మానిన క్షయ వంటి ఇన్ఫెక్షన్ల గుర్తులేనని చెప్పి, కళ్లె పరీక్ష చేయించారు; అందులో క్షయ లేదని వచ్చింది. తరువాత పాత సీటీ ఏదైనా ఉందా అని అడిగారు. రెండేళ్ల కిందటి స్కాన్‌లో ఇదే మచ్చ ఇదే కొలతతో కనిపించి ఉంటే, అది పెరగడం లేదని విషయం అక్కడితో తేలిపోయేదట. నా దగ్గర ఉన్నది ఒక పాత ఎక్స్‌రే మాత్రమే, ఇంత చిన్న మచ్చ దానిలో సాధారణంగా కనిపించదు. అందువల్ల ఆ రెండేళ్లూ నేను ముందుకు ఎదురుచూడవలసి వచ్చింది.

ఆరు వారాల తరువాత తీసిన ఎక్స్‌రేలో న్యుమోనియా పూర్తిగా పోయింది. 2023 ఫిబ్రవరిలో, తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీలో, మచ్చ 7.6 మిల్లీమీటర్లు అని రాశారు. పెరిగిందనుకుని నా కాళ్లు వణికాయి. డాక్టరు గారు రిపోర్టు పక్కన పెట్టి, రెండు స్కాన్ల బొమ్మలున్న సీడీలనూ తెరమీద పక్కపక్కన తెరిచి, కొలిచే మనిషి మారితే ఈపాటి తేడా వస్తుందని చూపించారు. అయితే వ్యాసం నాలుగో వంతు పెరిగితే చాలు, ఘనపరిమాణం దాదాపు రెట్టింపు అవుతుందట. అంటే కొలతలో దొర్లే పొరపాటు, నిజమైన పెరుగుదల ఒక్క స్కాన్‌లో వేరుచేయలేనంత దగ్గరగా ఉంటాయి. ఎదురుచూడమనడం నిర్లక్ష్యం కాదని నాకు అప్పుడు అర్థమైంది. అప్పటినుంచి నేను రిపోర్టు కాగితాల కంటే సీడీలనే భద్రంగా దాచాను.

2024 జులైలో తీసిన స్కాన్‌లో మళ్లీ 7 మిల్లీమీటర్లే వచ్చింది. ఈ మచ్చ కోసం ఇక స్కాన్ అక్కర్లేదన్నారు. ఫ్లూ టీకా, న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియాకు వేసే న్యుమోకోకల్ టీకా రాసిచ్చారు. రెండోది ఆ రోజే వేయించుకున్నాను.