విగిల్‌కి రైమ్స్ వెతుకుతున్నా: ఇప్పటిదాకా చేరిన లిస్టు

పిల్లల కోసం ఇంగ్లీష్‌లో చిన్న చిన్న సరదా పద్యాలు రాయడం నా హాబీ, ఈసారి తీసుకున్న మాట విగిల్, అంటే అటూ ఇటూ మెలికలు తిరుగుతూ కదలడం. పలుకుతుంటేనే నవ్వొచ్చే మాట, అందుకే దీనికి ఎన్ని రైమ్స్ (అంటే చివరి శబ్దం కలిసే మాటలు) దొరికితే అన్నీ ఒక చోట రాసుకుంటున్నా.

ముందు పర్ఫెక్ట్ రైమ్స్. వీటికి రూల్ సింపుల్, ఒత్తి పలికే అచ్చు దగ్గర్నుంచి చివరిదాకా శబ్దం మొత్తం ఒకటే ఉండాలి, ఆ అచ్చుకి ముందున్న హల్లు మాత్రం మారాలి. విగిల్‌లో ఒత్తు మొదటి ఇ మీద ఉంది కాబట్టి "ఇగిల్" అంతా కలవాలి. గిగిల్, జిగిల్, స్క్విగిల్, రిగిల్ (స్పెల్లింగ్‌లో ముందు డబ్ల్యూ ఉంటుంది కానీ పలకరు), నిగిల్, బేరమాడటానికి వాడే పాత మాట హిగిల్, ఇంకా స్నిగిల్. ఈ స్నిగిల్ నాకు భలే నచ్చింది, ఈల్ చేపలు దాక్కున్న కన్నాల్లోకి ఎర పెట్టిన గాలం దూర్చి పట్టడాన్ని అలా అంటారట, అసలే మెలికలు తిరిగే చేప, విగిల్ పక్కన ఇంతకన్నా ఏం కావాలి!

వెతికే పద్ధతి కూడా చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళ ప్రొనన్సియేషన్ డిక్షనరీ ఫ్రీగా డౌన్‌లోడ్ అవుతుంది, లక్షా ముప్పై వేలకి పైగా మాటలు, ప్రతి మాట పక్కనా దాని శబ్దాలు కోడ్‌లో ఉంటాయి, ఒత్తి పలికే అచ్చు పక్కన 1 అని, ఒత్తు లేని అచ్చు పక్కన 0 అని వేస్తారు. విగిల్‌కి "ఐహెచ్1 జీ ఏహెచ్0 ఎల్" తోకతో ముగిసే లైన్లన్నీ సెర్చ్ చేస్తే చాలు. ఇంటిపేర్లు బోలెడు వస్తాయి, అవి తీసేయాలి. స్పెల్లింగ్ పట్టుకుని వెతికితే మాత్రం విజిల్ (రాత్రి జాగారం అనే అర్థంలో ఉండే మాట), సిజిల్ (మంత్రాల్లో వాడే గుర్తు) లాంటివి తగులుతాయి, రాతలో జీ ఉన్నా పలికేది జ, కంటికి దగ్గరగా కనిపిస్తాయి కానీ చెవికి కలవవు.

పర్ఫెక్ట్ రైమ్స్‌తో నాకు వచ్చిన అసలు ఇబ్బంది ఏంటంటే అర్థం ముందుకి కదలదు. గిగిల్, జిగిల్, రిగిల్ అన్నీ ఒకే గూటి పక్షులు, చిన్న చిన్న కదలికలు మళ్ళీ మళ్ళీ జరగడాన్ని చెప్పే క్రియలు, ఇంగ్లీష్‌లో ఎల్‌ఈతో ముగిసే చాలా క్రియలకి (ట్వింకిల్, స్పార్కిల్, క్రాకిల్, వాడిల్) ఆ గుణం ఉంది. "ది వర్మ్ బిగాన్ టు విగిల్, విత్ ఎ వెరీ హ్యాపీ గిగిల్" అని రెండు లైన్లు బాగానే వచ్చాయి, మూడో లైన్‌కి కథలోకి ఒక వస్తువు రావాలి, చోటు రావాలి, అవి ఈ లిస్టులో లేవు. అందుకే నియర్ రైమ్స్, అంటే శబ్దం పూర్తిగా కాకపోయినా దాదాపు కలిసే మాటల మీద పడ్డా, ఎక్కువ టైమ్ అక్కడే పెట్టా, ఎక్కువ ఆనందమూ అక్కడే.

ఇక్కడ మన వర్ణమాల చేసిన సాయం అంతా ఇంతా కాదు. క ఖ గ ఘ ఙ ఒకే వరసలో ఎందుకున్నాయి, అన్నీ నోట్లో ఒకే చోట పుడతాయి కాబట్టి. సో గ తీసి క పెట్టి చూశా: టికిల్, పికిల్, ట్రికిల్, నికెల్, సికిల్, ఫికిల్. వినడానికి దాదాపు పర్ఫెక్ట్ రైమే అనిపిస్తాయి. తర్వాత గ ముందు ఙ చేర్చా: జింగిల్, మింగిల్, టింగిల్, సింగిల్, షింగిల్. ఆ తర్వాత పక్క వర్గాల్లో గ లాగే గొంతు మోగే హల్లులు, డ పెడితే మిడిల్, రిడిల్, ఫిడిల్, గ్రిడిల్, బ పెడితే నిబిల్, డ్రిబిల్, స్క్రిబిల్. ఇంకాస్త దూరం పోతే లిటిల్, రిపిల్, డ్రిజిల్, స్వివెల్, ఇవి నాలుగు లైన్ల పద్యంలో ఒకసారైతే ఓకే, వరసగా వాడితే పట్టు సడలిపోతుంది. సిగ్నల్ మాత్రం వేరే రకం, గ అలాగే ఉండి మధ్యలో న దూరింది, నా లెక్కలో అది చాలా మంచి నియర్ రైమ్.

హల్లులు ఉంచేసి అచ్చు మార్చడం ఇంకో దారి: వాగిల్, గాగిల్, జగిల్, స్ట్రగిల్, హాగిల్. అంత్యప్రాస కన్నా మన పద్యాల్లో రెండో అక్షరం ప్రాసకి దగ్గరగా ఉంటుంది ఇది, హల్లు కలిస్తే చాలు అచ్చు ఏదైనా పర్లేదు. ఇ ని దీర్ఘం చేస్తే ఈగిల్, బీగిల్, లీగల్, రీగల్. కుక్క కథ రాస్తే బీగిల్ బంగారం.

ఒక జాగ్రత్త, తెలుగులో "విగిల్" అని రాస్తున్నాం కానీ పలికేటప్పుడు రెండో భాగంలో ఇ సరిగ్గా ఉండదు, గ్ తర్వాత నాలుక నేరుగా ల్ మీదకి పోతుంది. కాబట్టి "బిగ్ హిల్" లాంటిది కాగితం మీద కలిసినట్టున్నా చెవికి కలవదు, హిల్ మీద ఒత్తు పడుతుంది. అదే "ది పిగ్ విల్" ని కుదించి పిగ్‌ల్ అంటే మాత్రం అచ్చంగా కలుస్తుంది, ట్విగ్‌ల్ కూడా అంతే. రెండు మాటలు కలిపి ఒక రైమ్ చేయడం సరదా పద్యాలకి భలే నప్పుతుంది, పిల్లలు ఆ చోట పడీ పడీ నవ్వుతారు.

రూపం మార్చితే లిస్టు మళ్ళీ పెరుగుతుంది. విగ్లీ అనగానే గిగ్లీ, స్క్విగ్లీ పర్ఫెక్ట్, క్విక్లీ, ప్రిక్లీ, సిక్లీ నియర్. క్విక్లీ దొరకడం పెద్ద లాభం, ఏ వాక్యం చివరైనా ఇమిడిపోతుంది. ఇప్పుడు మూడో లైన్ "దెన్ ఇట్ ఫౌండ్ ఎ లిటిల్ పికిల్" అయింది, నాలుగోది "అండ్ స్టార్టెడ్ వన్ మోర్ నిబిల్" అని పెట్టి చూస్తే పికిల్, నిబిల్ మధ్య దూరం ఎక్కువైంది, "అండ్ గేవ్ ఇట్స్ స్కిన్ ఎ టికిల్" అంటే సరిగ్గా కూర్చుంది.

ఇంగ్ రూపాలు ఇంకా చూడాలి, విగ్లింగ్, గిగ్లింగ్, టిక్లింగ్ దాకా వచ్చా. అవి అయ్యాక బబుల్ మొదలుపెడతా, దానికి డబుల్, ట్రబుల్, రబుల్, స్టబుల్ అని పర్ఫెక్ట్ రైమ్స్‌లోనే వస్తువులూ కష్టాలూ రెండూ ఉన్నాయి, చూద్దాం అక్కడ నియర్ రైమ్స్ అవసరం ఎంత పడుతుందో.