ఆవు మంచిది, పులి చెడ్డది... ఆ తర్వాత?

మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని కథలోని ఏ పాత్ర ఎలాంటిదని అడిగినా 'మంచోడు', 'చెడ్డోడు' అనేస్తారు. వాళ్ల దగ్గర వేరే మాటల్లేవు మరి. అందుకే ముందు గుణాలు చెప్పే మాటలు అందించాలి. మాట తప్పనిది, అనుమానించేది, పిరికిది, మొండిది, జాలి గలది, తొందరపడేది... ఇలా పదీ పన్నెండు బోర్డు మూలన రాసి, పాఠం అయ్యేదాకా చెరపకండి.

కథ అందరికీ తెలిసిన ఆవు-పులి కథే మేలు. కొత్త కథైతే తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రమే తప్ప, ఆగి చూసే ఓపిక ఉండదు.

బోర్డు మీద మూడు గడులు గీయండి: ఒకటి, ఆవు ఏం చేసింది లేదా ఏమంది; రెండు, దాన్నిబట్టి ఎలాంటిది; మూడు, అది కథలో ఎక్కడ తెలిసింది. మూడో గడి ఖాళీగా ఉంటే రెండోది చెరిపేయాలి. ఈ నియమం సడలించొద్దు. 'ఆవు నిజాయితీ గలది' అన్న పిల్లను ఎలా తెలిసిందని అడిగితే 'మీరే చెప్పారుగా టీచర్' అంటుంది. అప్పుడు మళ్లీ కథలోకి పంపాలి. తిరిగి వస్తానని మాట ఎవరైనా ఇస్తారు. దూడకు పాలిచ్చాక ఇంట్లోనే ఉండిపోయే వీలున్నా అడవికి వెళ్లింది చూడండి, అదీ రుజువు.

ఎక్కువమంది తడబడేది ఒక చోట: 'ఆవు భయపడింది' అని రెండో గడిలో రాసేస్తారు. భయం ఆ కాసేపటిది, గుణం కాదు. 'రేపు కూడా ఇలాగే ఉంటుందా?' అని అడిగితే తేడా తెలుస్తుంది. అలాగని భయాన్ని వదిలేయకండి. భయపడుతూనే వెళ్లిందన్నది పిల్లలు గమనించాలి.

నా మటుకు ఆవు కన్నా పులే మంచి పాఠం. మొదట ఆకలి, తర్వాత అనుమానం, చివర్లో వదిలేయడం. నోటుబుక్కులో అడ్డగీత గీయించి, మూడు చుక్కలు పెట్టించి, ఒక్కోదాని కింద ఒక్కో మాట రాయించండి. ఆపైన 'ఎక్కడ మారింది?' అని అడగండి. ఆవు తిరిగొచ్చినప్పుడని కొందరు, ఇంటికి వెళ్లనిచ్చినప్పుడే అని కొందరు అంటారు. రుజువు చూపిస్తే రెండూ ఒప్పే. టీచరు ముందే జవాబు చెప్పేస్తే పిల్లలు కథ మానేసి టీచరు ముఖం చదవడం మొదలెడతారు.

40 నిమిషాల పీరియడ్‌లో ఇదంతా కుదరదు. మొదటి రోజు ఆవు, రెండో రోజు పులి. చివర్లో 'పులి ఇలాంటిది, ఎందుకంటే కథలో...' అంటూ నాలుగో తరగతివాళ్లు రెండు వాక్యాలు రాస్తే చాలు. మూడో తరగతివాళ్లు నోటితో చెబితే సరి. దూడను ఐదో తరగతికి ఉంచండి. తల్లి చెప్పిన బుద్ధుల్ని బట్టి దాన్ని ఊహించడం చిన్నపిల్లలకు కష్టం.