పేపరు మీద జారిన పిల్లలు: మూడో బ్యాచ్ నాటుకోళ్ల డైరీ

నవంబరు 9, కావలి

ఈరోజుకి 21 రోజులు. 24 గుడ్లు పెడితే 17 పిల్లలు బయటికొచ్చాయి. రాత్రి వానకి కరెంటు మూడు గంటలు పోయింది. గుడ్లు పొదిగే థర్మోకోల్ పెట్టె మీద దుప్పటి కప్పి, లోపల వేడినీళ్ల సీసాలు పెట్టి ఎట్లాగో కాపాడాను. పొద్దున అమ్మ చూసి పిలిచింది. "ఏందిరా ఇది, రెండు పిల్లలు కాళ్లు రెండు పక్కలకీ చాపేసి పడున్నాయి?"

నిజమే. కప్ప పడుకున్నట్టు పడున్నాయి. లేవబోతే కాళ్లు ఇంకా దూరంగా జారిపోతున్నాయి. గుడ్లు పొదిగేటప్పుడు వేడి, తేమ సరిగ్గా లేకపోయినా కాళ్లు ఇట్లా కావచ్చు. కానీ నా పెట్టెలో కళ్లకి కనబడే కారణం ఇంకోటి ఉంది. శుభ్రంగా ఉంటుందని అడుగున న్యూస్‌పేపర్ పరిచాను. నున్నటి పేపరు మీద అప్పుడే పుట్టిన పిల్లకి గోరు ఆనదు. వెంటనే పేపరు తీసేసి గోనెసంచి ముక్క పరిచాను.

నవంబరు 10

ఆ రెండు పిల్లల కాళ్లకి కట్టు ఎట్లా కట్టానో వివరంగా రాస్తాను, ఎందుకంటే పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లోనే ఇది బాగా పనిచేస్తుంది. ఎముకలు గట్టిపడ్డాక కష్టం.

మెడికల్ షాపులో దొరికే మామూలు ప్లాస్టర్ ఒకటి తీసుకుని నిలువుగా సగానికి కత్తిరించాను. మధ్యలో దూది ఉండే భాగం రెండు కాళ్ల మధ్యకి వస్తుంది. అంటుకునే చివరలు ఒక్కో కాలికి చుట్టుకుంటాయి. పాదానికి పైన, మడమ కీలుకి కింద చుట్టాలి. వెనక్కి వంగేదాన్ని మనం మోకాలు అనుకుంటాం గానీ అది మడమే. రెండు కాళ్ల మధ్య అంగుళం ఎడం ఉంచాను, పిల్ల మామూలుగా నిలబడేటప్పుడు ఉండేటంత. మరీ దగ్గరగా కడితే బోర్లా పడుతుంది. బిగిస్తే పాదం వాచి రంగు మారుతుంది, అందుకని గంటకోసారి పాదాలు చూశాను.

పిల్లని చిన్న తువ్వాల్లో చుట్టి కాళ్లు మాత్రం బయట పెడితే కదలదు. చెల్లెలు పట్టుకుంది, నేను చుట్టాను. కట్టాక మొదటి పది నిమిషాలు తలకిందులుగా పడింది, మళ్లీ లేచింది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది. సాయంత్రానికి నాలుగు అడుగులు వేసింది!

ఈ రెండింటినీ వేరే అట్టపెట్టెలో పెట్టాను, మిగతావి తొక్కేస్తున్నాయి. నీళ్ల మూతలో గులకరాళ్లు వేశాను, పడినా మునగకుండా. రెండు గంటలకోసారి ముక్కు చివర నీళ్లకి తాకిస్తే తనే తాగింది. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ పని చేయకండి. పొట్టలో పచ్చసొన మిగిలి ఉంటుంది కాబట్టి మొదటి రెండు రోజులు మేత తినకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. పెట్టెలో వేడి 35 డిగ్రీలు.

నవంబరు 11

మూడో పిల్లకి సమస్య వేరు. కుడి పాదం వేళ్లు పిడికిలిలా లోపలికి ముడుచుకుని, వేళ్ల పైభాగం మీద నడుస్తోంది. తల్లికోళ్ల మేతలో బి2 విటమిన్ తక్కువైతే ఇట్లా పుట్టొచ్చు. మా పెట్టలకి ఈ వానల్లో నెల రోజులుగా నూకలే వేశాం, బయటికి వదల్లేదు.

మందుల అట్ట నుంచి పిల్ల పాదం కంటే కాస్త పెద్ద ముక్క కత్తిరించి, వేళ్లు ఒక్కొక్కటీ విప్పి దాని మీద పరిచి, పైన ప్లాస్టర్ అంటించాను. బుల్లి చెప్పు తొడిగినట్టుంది. తాగే నీళ్లలో బి కాంప్లెక్స్ చుక్కలు కలిపాను. రోజూ ఆ నీళ్లు మార్చాలి. ఉడికిన గుడ్డు పచ్చసొన పొడి చేసి వేశాను.

నవంబరు 12

ఇంకో పిల్ల ఎడమ మడమ వాచి, కాలు పక్కకి తిరిగింది. ముట్టుకుంటే కీలు వెనక గాడిలో ఉండాల్సిన నరం (కండని ఎముకకి కలిపే తాడులాంటిది) పక్కకి జారినట్టు తెలుస్తోంది. కాలు మెల్లగా వెనక్కి చాపి, వేలితో నరాన్ని గాడిలోకి నెట్టాను. టక్కున కూర్చుంది. కాలు మడిచేసరికి మళ్లీ జారింది. మూడుసార్లు ప్రయత్నించాను, ప్రతిసారీ సన్నగా అరిచింది. ఇక బాధపెట్టబుద్ధి కాలేదు.

నవంబరు 14

మడమ జారిన పిల్ల రాత్రి పోయింది. చాలా బాధగా ఉంది. ఇది ఎంత తొందరగా కనిపెట్టి సర్దితే అంత మంచిది, నేను మూడు రోజుల తర్వాత గానీ చూడలేదు. ఇక నుంచి పిల్లలు ఆరగానే ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని రెండు మడమలూ తడిమి చూస్తాను.

మొదటి రెండింటి కట్లు తీశాను. ప్లాస్టర్ మీద వంటనూనె రాసి అయిదు నిమిషాలు ఆగితే నూగు ఊడకుండా వచ్చేసింది. ఒకటి నేరుగా నడిచింది. రెండోదానికి కాళ్లు కాస్త దూరంగానే ఉన్నాయి, ఇంకో రెండు రోజులకి కొత్త కట్టు వేశాను. అట్ట చెప్పు కూడా తీశాను, వేళ్లు చక్కగా విచ్చుకున్నాయి.

నవంబరు 20

పదహారూ ఒకే గంప కింద ఉన్నాయి. కట్టు కట్టిన రెండూ ఏవో ఇప్పుడు నేనూ గుర్తుపట్టలేను. అమ్మ మాత్రం ఒకదాన్ని చూపించి అదేనంటుంది. పెట్టలని మళ్లీ దొడ్లోకి వదిలాం, మేతలో తోటకూర, మజ్జిగ కలుపుతున్నాం. నాలుగో బ్యాచ్ గుడ్లు ఈ మేత తిన్న మూడు వారాల తర్వాతే ఏరి పెడతాను.