గేర్‌బాక్స్ కేసులో వెంట్రుకంత పగులు

కారు నిలిపే చోట గచ్చు మీద రూపాయి బిళ్లంత జిడ్డు మరక కనిపించినప్పుడు మొదట ఇంజిన్ ఆయిల్ అనుకున్నాను. వేలికి రాసుకుని వాసన చూస్తే గంధకపు ఘాటు తగిలింది. అది గేర్ ఆయిల్.

విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ యాక్సిల్ ఆయిల్ సీల్ (ఇరుసు గేర్‌బాక్స్‌లోకి వెళ్లే చోట నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు) పోయిందని చెప్పి కొత్తది వేశారు. నాలుగు రోజులకు మరక మళ్లీ వచ్చింది. ఆయనను తప్పు పట్టలేను. బండి నడుస్తున్నప్పుడు గాలికి నూనె వెనక్కి పాకి గేర్‌బాక్స్ అడుగంతా తడిసిపోతుంది కనుక, చుక్క వేలాడే చోటే కారే చోటని చెప్పలేము. ఈసారి అడుగుభాగాన్ని డీజిల్‌తో కడిగి, థిన్నర్‌తో తుడిచి, ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, బెంజ్ సర్కిల్ దాకా వెళ్లి వచ్చాము. గేర్‌బాక్స్ కేసు, అంటే గేర్ల చుట్టూ ఉండే అల్యూమినియం పెట్టె, ముందు గోడ మీద, అడుగు అంచుకు కాస్త పైన, తెల్లని పొడిలో అంగుళన్నర పొడవున సన్నని నల్లగీత తేలింది. దాని పక్కనే రాయి గీరిన గుర్తు ఉంది. ఊరి దారిలో నేను విన్న 'టప్' మన్న చప్పుడు అదేనన్నమాట.

"కేసు మార్చేయడమే సార్," అన్నారాయన. అంటే గేర్‌బాక్స్ మొత్తం దింపి విప్పాలి. ఆర్గాన్ వెల్డింగ్ మాట ఎత్తితే ఆయనే వద్దన్నారు: పోత పోసిన అల్యూమినియం సన్నని రంధ్రాలలో ఏళ్ల తరబడి ఇంకిన నూనె, వేడికి ఆవిరై బయటికి తన్ని, వెల్డింగును బుడగల మయం చేస్తుందట. చివరకు లోహపు పొడి కలిపిన ఎపాక్సీతో పూడ్చాలని నిర్ణయించాము. కొళాయి పైపులకు పెట్టే ఎమ్‌సీల్‌కు అది దగ్గరి చుట్టమే.

పూయడం పది నిమిషాల పని, ఆరబెట్టడమే రోజంతా పట్టింది. నూనె తీసేసి, పగులు రెండు కొసలలోనూ అది ఇంకా సాగకుండా చిన్న రంధ్రాలు వేశారు. రజను లోపల పడకుండా డ్రిల్ బిట్‌కు గ్రీజు పూశారు. ఆ తరువాత థిన్నర్‌తో తుడిస్తే లోహం తళతళలాడేది, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయగానే గీత మళ్లీ నల్లగా చెమర్చేది. అలా ఏడెనిమిది సార్లు తుడిచాక గానీ గుడ్డకు మరక అంటడం ఆగలేదు. అప్పుడు ఉప్పుకాగితంతో గరుకు చేసి, ఎపాక్సీని పగులులోకి వేలితో అదిమి, 24 గంటలు కదపకుండా ఉంచాము.

నూనె పోసేటప్పుడు దుకాణదారు జీఎల్-5 రకం గేర్ ఆయిల్ ఇంకా మేలన్నాడు. అందులో ఎక్కువగా ఉండే గంధకపు రసాయనాలు గేర్లు మారేటప్పుడు వాటి వేగాలను కలిపే ఇత్తడి సింక్రో రింగులను తినే ప్రమాదం ఉంది కాబట్టి, కారు పుస్తకంలో ఉన్న జీఎల్-4నే తెచ్చాను.

ఆ నెలంతా వారానికోసారి ఫిల్లర్ ప్లగ్ (నూనె పోసే రంధ్రపు బిరడా) విప్పి వేలు పెట్టి చూశాను. నూనె రంధ్రం కింది అంచుకు తగులుతూనే ఉంది.